గోదాట్లో ఒక ఏడాది, ల్యాబు థర్మామీటరుతో

నేను రాజమండ్రిలో ఫిజికల్ సైన్స్ మాష్టారిని. నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా నాకు ఈత రాదు. పుట్టింది గోదారి ఒడ్డున, రోజూ స్కూలుకి వెళ్ళేది గట్టు మీదుగా, 2015 పుష్కరాల్లో ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి మునకలు వేయించింది కూడా నేనే, అయినా నడుం లోతు దాటి ఎప్పుడూ దిగలేదు. ఓ మే నెలలో మా స్కూల్లో అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసిన కుర్రాడొకడు స్నేహితులతో గోదారి మధ్యలో ఉన్న ఇసుక లంకకి వెళ్ళి మునిగిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళారు, మర్నాడు పొద్దున్న దొరికాడు. ఆ రాత్రంతా గట్టు మీద వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాను. ఆయన నన్ను అడిగింది ఒక్కటే మాట. "మోకాలి లోతేనంట కదా మాష్టారూ, మోకాలి లోతులో ఎలా పోతాడండి?" నాకు జవాబు తెలియదు. పడవల మీద వెతుకుతున్న వాళ్ళకి సాయంగా నీళ్ళలోకి దిగడం కూడా నాకు రాదు. ఆ రెండూ నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ ఏడాది కార్తీకంలో, నాగుల చవితి వెళ్ళిన మర్నాడు మొదలుపెట్టాను. నేర్పింది పాపికొండల లాంచీలు నడిపే సరంగుగా చేసి మానేసిన పెద్దాయన. డెబ్భై దాటాయి, ఇప్పటికీ పొద్దున్నే గంటసేపు ఈదుతారు. అడగ్గానే ఒప్పుకోలేదు. "ఎన్నాళ్ళు వస్తారు? పది రోజులొచ్చి మానేసేవాళ్ళకి నేర్పితే నాకు పాపం చుట్టుకుంటది, సగం ఈత వచ్చినోడే ముందు పోయేది" అన్నారు. ఏడాదంతా వస్తానని మాట ఇచ్చాను. అలా మాట ఇచ్చాను కాబట్టే ఏడాది పొడుగునా నీళ్ళు ఎలా మారతాయో చూడగలిగాను. మొదటి రోజు నుంచీ స్కూలు ల్యాబులో వాడే లాంటి థర్మామీటరు ఒకటి కొనుక్కుని, దానికి తాడు కట్టి, మోచేతి లోతుకి దింపి రెండు నిమిషాలు ఆగి చూసి నోటుబుక్కులో రాసుకునేవాణ్ణి. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఆ పుస్తకంలోవే, ఆ ఘాటు దగ్గరివే. ఇంకో రేవులో, ఇంకో నదిలో ఒకటి రెండు డిగ్రీలు తేడా ఉండొచ్చు.

మొదటి రోజు 26 డిగ్రీలు. ఉదయం ఆరవుతోంది, మెట్ల మీద దీపాలు పెట్టిన అరటి దొప్పలు, బోలెడు జనం. నా నడుముకి తాడు కట్టి రెండో కొస పడవలు కట్టే ఇనప గుంజకి ముడేశారు సరంగు గారు. "చేతులూ కాళ్ళూ తర్వాత సంగతి మాష్టారూ. ముందు నీళ్ళమీద పడుకోండి." వారం రోజులపాటు అదే పని. వెల్లకిలా పడుకోవడం, ముఖం నీళ్ళలో పెట్టి గాలి బుడగలుగా వదలడం, మళ్ళీ పడుకోవడం. చెవుల్లోకి నీళ్ళు రాగానే భయంతో ఒళ్ళు బిగుసుకుపోయేది, బిగుసుకోగానే నడుం కిందికి జారిపోయేది. తొమ్మిదో రోజున అరవై లెక్కపెట్టేదాకా తేలాను. ఆకాశంలో నీటికాకులు వరసగా వెళుతున్నాయి. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబుతుంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

చలికాలం గురించి అందరూ భయపెట్టారు. నిజానికి నాకు బాగా ఈత వచ్చింది ధనుర్మాసంలోనే. డిసెంబరు ఆఖరుకి 24కి దిగింది, భోగికి రెండు రోజుల ముందు 23. ఏడాది మొత్తంలో అంతకంటే తక్కువ చూడలేదు. అదే ఉదయం ఒడ్డు మీద గాలి 17. అంటే గాలి కంటే నీళ్ళే ఆరు డిగ్రీలు వెచ్చగా ఉన్నాయి, అందుకే ఆ రోజుల్లో తెల్లవారుజామున గోదారి మీద పొగలు లేస్తూ కనిపిస్తాయి. నీటి విశిష్టోష్ణం ఎక్కువ, నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుందని ఏళ్ళ తరబడి పిల్లలకి పాఠం చెప్పాను, దాన్ని ఒంటితో తెలుసుకున్నది మాత్రం ఆ జనవరిలోనే. పగటికీ రాత్రికీ గాలిలో పదీ పన్నెండు డిగ్రీల తేడా వస్తుంటే నడి నీళ్ళలో ఒక డిగ్రీ కూడా మారదు.

దిగేటప్పుడు కాదు, బయటికొచ్చేటప్పుడే చలి. తడి ఒంటికి గాలి తగలగానే దవడలు కొట్టుకుంటాయి. తువ్వాలు, పొడి చొక్కా, స్వెట్టరు పై మెట్టు మీద చేతికందేలా పెట్టుకోవాలి, తడి బట్టల్తో నిలబడి కబుర్లు చెప్పకూడదు. ఇంకోటి, 24 డిగ్రీల గదిలో మనం హాయిగా కూర్చుంటాం కానీ 24 డిగ్రీల నీళ్ళలో అలా ఉండలేం, ఎందుకంటే గాలితో పోలిస్తే నీరు ఒంట్లోంచి వేడిని సుమారు పాతిక రెట్లు వేగంగా లాగేస్తుంది. ఆ నెలలో ఇరవై నిమిషాలు దాటితే నా వేళ్ళు దగ్గరికి చేరేవి కావు, చిటికెన వేలు పక్కకి విడిపోయి ఉండేది. "వేళ్ళు మాట వినకపోతే ఇంక బయటికి రావాల్సిందే" అని సరంగు గారి నియమం. ఒకసారి వినకుండా ఇంకో ఐదు నిమిషాలు ఉన్నాను, పిక్క పట్టేసి, ఆ తాడే లేకపోతే ఇబ్బంది పడేవాణ్ణి.

చలికాలంలో ఉన్న మంచి సంగతి వేరే. ప్రవాహం దాదాపు ఉండదు. మా ఊరికి దిగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది కదా, ఆర్థర్ కాటన్ 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో తర్వాత కట్టింది, నాలుగు పాయల మీద 175 గేట్లు. వరదల్లేని కాలంలో గేట్లు దించి ఉంటాయి, నీళ్ళు డెల్టా కాలువల్లోకి మాత్రమే వెళతాయి, కాబట్టి మన ఘాట్ల దగ్గర గోదారి పెద్ద చెరువులా నిలబడి ఉంటుంది. నీళ్ళు తాగేసిన కొబ్బరి బొండం ఒకటి వదిలి, రెండు గుర్తుల మధ్య ఇరవై మీటర్లు పోవడానికి ఎంత పడుతుందో చూశాను. సంక్రాంతి రోజుల్లో మూడు నిమిషాల పైనే పట్టింది. నీరు కూడా తేటగా ఉంటుంది, మోకాలి లోతులో నిలబడితే కాలి గోళ్ళు కనిపిస్తాయి. జనవరి ఆఖరుకి తాడు తీసేశారు. ఫిబ్రవరిలో ఒడ్డు వెంబడి వంద మీటర్లు ఆగకుండా ఈదాను.

మార్చి నుంచి నీళ్ళు మెత్తబడ్డాయి, 28, 28న్నర. మన ఒంటికి అన్నిటికంటే బాగుండేది అప్పుడే అనిపిస్తుంది, పోటీలు పెట్టే స్విమ్మింగ్ పూల్స్‌లో 25 నుంచి 28 మధ్య ఉంచుతారు కాబట్టి కాస్త ఎక్కువే అయినా. ఏప్రిల్లో 30 దాటింది. అప్పుడొక వింత గమనించాను. వెల్లకిలా తేలుతుంటే వీపుకి గోరువెచ్చగా ఉండేది, కాళ్ళు కిందికి వదిలితే పాదాలకి చల్లగా తగిలేది. ఎండకి పై నీరు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, కలిపే ప్రవాహం లేదు. డెల్టా కాలువలకి నీళ్ళు ఆపేశాక ఉన్న కొద్ది కదలిక కూడా ఉండదు. ఊరి మురుగు కలిసే చోట్లకి దగ్గర్లో ఆ నెలల్లో దిగకూడదు, వాసన ముందే చెబుతుంది. గుర్రపుడెక్క కూడా పోగుపడుతుంది, దాని వేళ్ళు కాళ్ళకి చుట్టుకుంటాయి.

మే మూడో వారంలో నేను చేసిన తప్పు చెబుతాను. పొద్దున్న కుదరక సాయంత్రం నాలుగున్నరకి ఒక్కణ్ణే వెళ్ళాను. ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలో థర్మామీటరు 34 చూపించింది, కొంచెం లోపల 31న్నర. స్నానానికి కాచిన నీళ్ళలా ఉంది, హాయిగా ఉంది, ఎంత దూరమైనా ఈదొచ్చు అనిపించింది. రెండు వందల మీటర్లు ఈదేసరికి తల తిరిగింది, గుండె దడ, నోరు ఎండిపోయింది. నోటి చుట్టూ నీళ్ళుండగా నోరు ఎండిపోవడం ఏమిటో అర్థం కాలేదు. మెట్ల మీద పడుకుని అరగంట లేవలేకపోయాను. తర్వాత చదివితే తెలిసింది, ఈదుతున్నప్పుడూ చెమట పడుతుంది, కానీ నీళ్ళలో అది ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, చుట్టూ ఉన్న నీరే వేడిగా ఉంటే లోపల పుట్టిన వేడి ఎక్కడికీ పోదు. 2010లో యుఏఈలోని ఫుజైరాలో సముద్రంలో జరిగిన పది కిలోమీటర్ల పోటీలో ఫ్రాన్ క్రిప్పెన్ అనే అమెరికా ఈతగాడు చనిపోయాడు, నీళ్ళు బాగా వేడిగా ఉన్న రోజది. ఆరుబయట నీళ్ళలో పెట్టే పోటీలకి ఇప్పుడు 31 డిగ్రీలు పై హద్దు. ప్రపంచ స్థాయి ఈతగాళ్ళకే ఆ హద్దు పెట్టారు, మన గోదారి రోహిణి కార్తెలో పొద్దున్న ఆరింటికే ఆ హద్దు మీద ఉంటుంది. అప్పట్నుంచీ ఎండాకాలంలో ఆరు లోపే దిగడం, పావుగంటకి బయటికి రావడం, ముందూ వెనకా చెంబెడు మజ్జిగ తాగడం.

ఆ కార్తెలోనే సరంగు గారు నన్ను నాటు పడవ మీద లంకకి తీసుకెళ్ళారు, నేనే అడిగాను. ఆ కుర్రాడు పోయిన చోటు. తెల్లటి ఇసుక, మోకాలి లోతు నీళ్ళు, అడుగు కనిపిస్తోంది, ఏ పిల్లాడికైనా పరిగెత్తాలనిపిస్తుంది. ఆయన ఇసుక మీద నిలబడి చేతిలో గెడ ముందుకి పొడిచారు. మోకాలి లోతు. ఒక అడుగు వేసి మళ్ళీ పొడిచారు, అంతే. మూడో అడుగు దగ్గర గెడ దిగుతూనే ఉంది, ఆయన చెయ్యి నీళ్ళకి తగిలేదాకా దిగింది. "రెండు నిలువులు మాష్టారూ" అన్నారు. వరద కోసేసిన అంచులు కొన్ని, ఇసుక తోడేసిన గోతులు కొన్ని, ఎక్కడుందో పైకి తెలియదు, పోయినేడు ఉన్నచోట ఈ ఏడు ఉండదు. అంచు మీద ఇసుక కాలి కింద జారుతుంది కాబట్టి వెనక్కి అడుగు వేద్దామన్నా పట్టు దొరకదు. మోకాలి లోతు నీళ్ళలోంచి ఒక్కసారిగా లోతులోకి జారితే భయంతో ఊపిరి ఎగబీలుస్తారు, ఆ ఊపిరితో నీళ్ళు లోపలికి పోతాయి. ఒకడు జారితే వాడి చెయ్యి పట్టుకోబోయి రెండోవాడు. నేను చాలాసేపు ఆ గెడ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వాళ్ళ నాన్న అడిగినదానికి జవాబు అది. చెప్పడానికి ఇప్పటికీ ఆయన దగ్గరికి వెళ్ళలేకపోయాను.

మృగశిర వచ్చింది, వానలు పడ్డాయి, నీరు 30కి దిగింది. జులై మొదటి వారం ఒక రోజు చూస్తే గోదారి రంగు మారిపోయింది. మా ఊళ్ళో అప్పటికి పెద్ద వాన కూడా పడలేదు. ఎక్కడో మహారాష్ట్రలో, ఛత్తీస్‌గఢ్‌లో కురిసింది ప్రాణహితలోంచీ ఇంద్రావతిలోంచీ దిగి, కింద శబరి కూడా కలుపుకుని ఇక్కడికి వస్తుంది. ఎర్రనీరు వచ్చిందంటే మావాళ్ళు పులస గురించి మాట్లాడతారు, నేను థర్మామీటరు దింపాను. 28న్నర. నేను ఏడాదంతా ఎదురుచూసిన వేడి. కాళ్ళు పెడితే పట్టులా ఉంది. "దిగుతానండి, ఒడ్డునే ఉంటాను" అన్నాను. సరంగు గారు నా మొహం వంక కూడా చూడలేదు. "బొండం వెయ్యండి" అన్నారు.

వేశాను. ఇరవై మీటర్లకి పన్నెండు సెకన్లు. సెకనుకి మీటరున్నర పైనే, అది కూడా ఒడ్డు పక్కన, నడిగోదాట్లో ఇంకా ఎక్కువ. ఆ రోజుకి నా వేగం ఎంతో నాకు తెలుసు, సెకనుకి అర మీటరు కంటే కొంచెం ఎక్కువ. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా కుర్రాడు పాన్ జాన్లే వంద మీటర్లు 46.40 సెకన్లలో ఈది ప్రపంచ రికార్డు పెట్టాడు, అంటే సెకనుకి రెండు మీటర్ల పైచిలుకు. ప్రపంచంలోకెల్లా వేగమైన మనిషి ఒక్క నిమిషం కూడా నిలబెట్టుకోలేని వేగం అది, దాంతో కూడా ఈ నీటికి ఎదురీది పెద్దగా ముందుకి పోలేడు. ఇంక నేనెంత, వేసవి సెలవుల్లో చెరువులో నేర్చుకున్న పిల్లలెంత. నోటుబుక్కులో ఆ రోజు పేజీలో 28.5 పక్కన "దిగలేదు" అని రాసుకున్నాను.

తర్వాత వారం రోజుల్లో నీరు మెట్లు ఒక్కొక్కటే మింగుతూ వచ్చింది. టీ బడ్డీ దగ్గర ఎవరు కలిసినా ఒకటే ప్రశ్న, "భద్రాచలంలో ఎంత?" అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడి నీరు దాదాపు ఒక రోజుకి మనదాకా వస్తుంది. ధవళేశ్వరంలో పది లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి హెచ్చరిక, పదమూడు లక్షలకి రెండోది, పదిహేడుకి మూడోది. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది, మళ్ళీ 2022 జులైలో 71.3. ఆ రెండూ మా ఊళ్ళో ఎవరూ మర్చిపోరు. హెచ్చరిక ఎగరేసేదాకా ఆగి అప్పుడు మానడం కాదు, రంగు మారిన రోజునే ఈత మానాలి, ఇది నా గట్టి అభిప్రాయం. అడుగున ఏముందో కనిపించదు, చెట్లు మొదళ్ళతో సహా కొట్టుకొస్తాయి, వంతెన స్తంభాల వెనక సుళ్ళు తిరుగుతుంటాయి, పాములు తేలే కొమ్మల్ని పట్టుకుని వస్తాయి. బట్టల్లో ఒండ్రు చేరి బరువెక్కుతుంది.

ఇక్కడే మా బావమరిది సంగతి ఒకటి చెప్పాలి. వాడు జర్మనీలో ఉంటాడు. నేను ఈత నేర్చుకుంటున్నానని తెలిసి, జులైలో అక్కడ ఎండ 30 ఉంది, మేమూ నదికి వెళ్తున్నాం అని ఫోన్ చేశాడు. నీళ్ళెంత ఉన్నాయిరా అంటే తెలియదన్నాడు. ఎండని బట్టి నీటిని లెక్కేయడం మనకి చిన్నప్పట్నుంచీ అలవాటు, ఇక్కడ పెద్దగా తేడా రాదు కూడా. కొండల మీది మంచు కరిగి వచ్చే నదుల్లో బయట ఎంత ఎండ కాసినా నీరు బాగా చల్లగా ఉంటుంది. 15 డిగ్రీల లోపు నీళ్ళలోకి ఒక్కసారిగా దూకితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తాం, గుండె వేగం పెరుగుతుంది, ఆ మొదటి నిమిషంలోనే ఈత బాగా వచ్చినవాళ్ళు కూడా మునిగిపోతారు. దూకొద్దు, ముందు చేతులు, మెడ తడుపుకుని నెమ్మదిగా దిగు, ఊపిరి మామూలైనాకే చేతులు వెయ్యి అని చెప్పాను. పైచదువులకి వెళ్ళిన మన పిల్లలు చెరువుల్లో, జలపాతాల్లో పోయారన్న వార్త వచ్చినప్పుడల్లా ఇది ఎవరైనా వాళ్ళకి ముందే చెప్పి ఉంటే బాగుండేది అనిపిస్తుంది.

వరద తీశాక ఆగస్టు ఆఖర్లో తొందరపడి దిగాను. మెట్ల మీద జానెడు ఒండ్రు, జారి మోచెయ్యి దోక్కుపోయింది. నీరు 29, ఇంకా మట్టి రంగే. మూడో రోజుకి చెవి పోటు మొదలైంది, రాత్రంతా నిద్ర లేదు, డాక్టరు గారు చుక్కల మందు రాసి మూడు వారాలు నీళ్ళ జోలికి పోవద్దన్నారు. సరంగు గారు మందలించలేదు, మోకాలి లోతులో నిలబడి తన పాదాల వంక చూపించారు. కాలి గోళ్ళు కనపడటం లేదు. గోళ్ళు కనపడితేనే దిగాలి, అదే ఆయన లెక్క, తర్వాత నేనూ అదే పాటిస్తున్నాను. ఆ ఏడాది దసరా దాటాక గానీ కనపడలేదు. ఆ మధ్యలో ఒక వాయుగుండం వచ్చి మళ్ళీ వారం పోయింది.

ఏడాది పూర్తయ్యాక నోటుబుక్కు అంతా ముందేసుకుని చూశాను. ఎండకి కాగే ఒడ్డు పక్క నీళ్ళు వదిలేస్తే, ఏడాది మొత్తంలో నీటి వేడి తేడా ఎనిమిది, తొమ్మిది డిగ్రీలే. ఒంటికి చల్లగా, కష్టంగా అనిపించిన నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నాకు ఒక్క పెద్ద ప్రమాదం రాలేదు, పిక్క పట్టేసిన రోజు తప్ప. ఒంటికి హాయిగా అనిపించిన మేలోనూ జులైలోనూ ఆగస్టులోనూ దిగిన రోజుల కంటే దిగకూడని రోజులే ఎక్కువ. అదేమో మన పిల్లలకి సెలవులిచ్చేది మేలో. ఈత నేర్చుకోవాలన్న బుద్ధి పుట్టేదీ అప్పుడే. చలికాలంలో నేర్పితే మే వచ్చేసరికి వాళ్ళకి కనీసం వెల్లకిలా తేలడం, గట్టు పట్టుకునేదాకా ఊపిరి నిలబెట్టుకోవడం వచ్చి ఉంటుంది, లంక అంచు గురించి తెలిసి ఉంటుంది.

అందుకని ఈ కార్తీకంలో తొమ్మిదో తరగతి పిల్లలు ఏడుగురిని, వాళ్ళ అమ్మానాన్నల దగ్గర సంతకాలు తీసుకుని, తీసుకెళ్తున్నాను. నలుగురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. ఆదివారాలు మాత్రమే, ఇద్దరిద్దరినే దింపుతాం, అందరికీ నడుముకి తాడు. సరంగు గారు మెట్టు మీద కూర్చుని తాళ్ళు పట్టుకుంటారు, మా ఆవిడ తువ్వాళ్ళు, అల్లం టీ ఫ్లాస్కు చూసుకుంటుంది. థర్మామీటరు ఇప్పుడు పిల్లల చేతిలోనే. స్కూల్లో నల్లబల్ల మీద ఓ మూల నీటి వేడి, దాని పక్కన బొండం ఎన్ని సెకన్లు పట్టిందో, రెండూ వాళ్ళే రాస్తారు. మొన్న ఆదివారం 25న్నర, బొండానికి రెండు నిమిషాల యాభై సెకన్లు. మొదటి రోజు ఏడుస్తూ నా చెయ్యి వదలని అమ్మాయి నలభై లెక్కపెట్టేదాకా తేలింది. పైకొచ్చాక పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, తువ్వాలు కప్పుకుని అడిగింది, "వచ్చే ఆదివారం ఇంకా చల్లగా ఉంటుందా మాష్టారూ?" ఇంకో అర డిగ్రీ తగ్గుతుందమ్మా అన్నాను.